సుస్థిర నిర్మాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీన్ బిల్డింగ్ అనగానే చాలామందికి డాబా మీద సోలార్ ప్యానెళ్లు, గోడలకి వేలాడే మొక్కలు గుర్తొస్తాయి. అవి తప్పేం కాదు, కానీ అసలు లెక్క అక్కడ తేలదు. ఇల్లు ఏ దిక్కుకి తిరిగి ఉంది, ఎంత పెద్దది, ఎండ పడేచోట నీడ ఉందా, దేంతో కట్టారు, ఎన్నేళ్లు నిలుస్తుంది... ప్లాను గీసే మొదటి రోజుల్లో తీసుకునే ఈ నిర్ణయాల దగ్గరే చాలావరకు తేలిపోతుంది. తర్వాత కొనే సామానంతా దాని మీద పూత మాత్రమే. కింద ఉన్నవి మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలు, కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి ఒక్క ముక్క చాలు.

సుస్థిర నిర్మాణం అంటే సూటిగా చెప్పాలంటే ఏంటి?

కట్టేటప్పుడు, అందులో బతికేటప్పుడు, చివరికి విప్పేసేటప్పుడు, ఈ మూడు దశల్లోనూ తక్కువ ఇంధనం, తక్కువ నీళ్లు, తక్కువ కొత్త సరుకు ఖర్చుచేస్తూ, లోపలున్న మనుషుల ఆరోగ్యం చెడకుండా చూసే కట్టడం. మూడో దశ గురించి ఎవరూ మాట్లాడరు. ఏభై ఏళ్ల తర్వాత ఆ కిటికీలు, దూలాలు, ఇటుకలు ఇంకో ఇంటికి పనికొస్తాయా లేక గుట్టగా పోసి పారేయాల్సిందేనా అన్నది కూడా ఇప్పుడే ఆలోచించాలి. సున్నంతో కట్టిన గోడ విప్పితే ఇటుక ఇటుకలాగే చేతికొస్తుంది, గట్టి సిమెంటుతో కట్టింది విప్పితే చాలాసార్లు ఇటుకే పగిలిపోతుంది.

కట్టడాల వల్ల అంత కాలుష్యం ఉంటుందా? ఫ్యాక్టరీలు, బండ్లు కదా అసలు సమస్య?

ప్రపంచంలో ఇంధనం వల్ల, పరిశ్రమల వల్ల గాలిలోకి వెళ్లే కార్బన్ డయాక్సైడ్‌లో ఇంచుమించు మూడో వంతు భవనాలవల్లే, కట్టడం, నడపడం రెండూ కలిపితే. బండ్లు కదులుతాయి, పొగ కనిపిస్తుంది కాబట్టి తిట్టుకుంటాం, భవనం కదలకుండా కూర్చుని అదే పని చేస్తుంది.

ప్రపంచం మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు ఒక్కదాని వాటాయే 7 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. కారణం బొగ్గు మండించడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. సున్నపురాయిని బట్టీలో సుమారు 1450 డిగ్రీల దాకా వేడిచేస్తారు, ఆ దారిలోనే రాయి విడిపోయి అందులో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. సిమెంటు వల్ల వచ్చే వాయువుల్లో సగానికి పైగా ఈ రసాయన చర్య నుంచే. అంటే బట్టీని రేపటి నుంచి పూర్తిగా సోలార్ కరెంటుతో నడిపినా ఆ సగం పోదు. అందుకే సిమెంటు విషయంలో "క్లీన్ ఎనర్జీ వస్తే అన్నీ సర్దుకుంటాయి" అనే మాట పనిచేయదు, వాడకమైనా తగ్గాలి, సిమెంటు తయారీ అయినా మారాలి.

చూడగానే గుర్తుపట్టవచ్చా?

లేదు. మంచి సుస్థిర భవనం చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. మరీ గ్రీన్‌గా కనబడుతుంటే కాస్త అనుమానించండి.

సొంతిల్లు కడుతున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

సూర్యుడి దగ్గర. తూర్పు, పడమర గోడల మీద ఎండ ఏటవాలుగా, దాదాపు ఎదురుగా వచ్చి పడుతుంది. సజ్జ ఎంత పొడుగ్గా వేసినా దాని కిందినుంచి దూరిపోతుంది. ఉత్తర దక్షిణ గోడల సంగతి వేరే, అక్కడ ఎండ పైనుంచి వస్తుంది కాబట్టి మామూలు సజ్జ చాలు. అందుకని వేడి ప్రాంతాల్లో ఇంటి పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకి, పొట్టి గోడలు తూర్పు పడమరలకి వచ్చేలా పెడితే పైసా ఖర్చు లేకుండా లోపలికి వచ్చే వేడి తగ్గుతుంది. ఇంత సులువైన సంగతిని వదిలేసి పడమటి వైపు గోడంత కిటికీ పెట్టి, తర్వాత మందపాటి కర్టెన్లు వేసి, పెద్ద ఏసీ కొనేవాళ్లు ఎంతమందో.

కర్టెన్ అంటే గుర్తొచ్చింది. నీడ ఎప్పుడూ అద్దానికి బయటే ఉండాలి. ఎండ ఒకసారి అద్దం దాటి లోపలికి వచ్చి కర్టెన్‌ని వేడెక్కించిందంటే ఆ వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది, ఎందుకంటే అద్దం వెలుగుని రానిస్తుంది కానీ వేడెక్కిన వస్తువుల నుంచి వచ్చే వేడి కిరణాలని బయటికి పోనివ్వదు. బయట సజ్జ, జాలీ, వెదురు చాప, నిలువు పలకలు, చెట్టు, ఏదైనా సరే, అద్దం తాకకముందే ఎండని ఆపితేనే పని జరిగినట్టు.

తర్వాత గాలి. ఒక గదికి ఒకే కిటికీ ఉంటే గాలి లోపలికి వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు. ఎదురెదురుగా లేదా కనీసం పక్క గోడకి ఇంకో తెరుపు కావాలి. పైన వెంటిలేటర్ ఉంటే ఇంకా మంచిది, వేడిగాలి పైకే పోతుంది కదా.

ఆ తర్వాత పైకప్పు. ఒకటి రెండు అంతస్తుల ఇంట్లో వేడి ఎక్కువగా దిగేది పైనుంచే. తెల్లటి కూల్ రూఫ్ పూత కొత్తగా ఉన్నప్పుడు ఎండలో 80 శాతం దాకా వెనక్కి కొట్టగలదు, నల్లటి కప్పు అయితే దాదాపు అంతా తాగేస్తుంది. దుమ్ము పట్టేకొద్దీ తెలుపు పని తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడు కడగాలి.

ఇక సైజు. ఎవరికీ నచ్చని జవాబు ఇది. ఎంత గొప్ప సరుకు వాడినా అవసరానికి రెట్టింపు ఇల్లు కడితే రెట్టింపు సిమెంటు, రెట్టింపు స్టీలు, ఊడ్చుకోవడానికి రెట్టింపు నేల. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం ఒక గది శాశ్వతంగా కట్టాలా అన్నది ప్లాను దశలోనే తేల్చుకోండి.

ఆఫీసులన్నీ అద్దాలతోనే కడుతున్నారు కదా, వెలుగు బాగా వస్తుందంటారు?

వెలుగు వస్తుంది, దాంతోపాటు వేడీ వస్తుంది, కళ్లకి గుచ్చుకునే మెరుపూ వస్తుంది. చివరికి అందరూ బ్లైండ్స్ దించేసి పగలే లైట్లు వేసుకుని కూర్చుంటారు. డబుల్ గ్లాస్, వేడిని ఆపే పూతలు వచ్చాక పరిస్థితి కొంత మెరుగే, అయినా ఎంత మంచి అద్దమైనా బాగా ఇన్సులేషన్, అంటే వేడి దాటకుండా ఆపే పొర, ఉన్న గోడకి సాటిరాదు. పగటి వెలుగుకి గోడ మొత్తం అద్దం అక్కర్లేదు, కిటికీ ఎత్తుగా ఉంటే వెలుగు గదిలో లోపలిదాకా వెళ్తుంది. మోకాలి కింద ఉన్న అద్దం వల్ల బల్ల మీదికి వచ్చే వెలుగు దాదాపు సున్నా, వేడి మాత్రం పూర్తిగా.

అద్దం ఎంత దూరం పోగలదో లండన్‌లో 20 ఫెంచర్చ్ స్ట్రీట్ భవనం చూపించింది. లోపలికి వంగిన దాని అద్దాల గోడ 2013లో ఎండని ఒకేచోట గురిపెట్టి కింద రోడ్డు మీద ఆపిన కారు భాగాలని కరిగించింది. మరుసటి ఏడాది బయట నీడ పలకలు బిగించాల్సి వచ్చింది. ఇంకో బాధితులు పక్షులు, అద్దంలో కనబడే ఆకాశాన్ని నిజమనుకుని గుద్దుకుని చనిపోతాయి. ఒక్క అమెరికాలోనే ఏటా 36 కోట్ల నుంచి దాదాపు 100 కోట్ల దాకా ఇలా చనిపోతున్నాయని 2014లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. అద్దం మీద దగ్గరదగ్గరగా చుక్కలు, గీతలు ఉంటే ఇవి బాగా తగ్గుతాయి.

ఏసీ లేకుండా నిజంగా కుదురుతుందా, లేక మాటలేనా?

వాతావరణం బట్టి ఉంటుంది, ఒకే జవాబు ఇచ్చేవాళ్లని నమ్మకండి.

పగలు వేడి, రాత్రి చల్లన అయ్యే చోట చాలావరకు కుదురుతుంది. జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో పూర్తయిన ఈస్ట్‌గేట్ సెంటర్ అందరూ చెప్పే ఉదాహరణ. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్. షాపులు, ఆఫీసులు ఉన్న అంత పెద్ద భవనం, మామూలు ఏసీ వ్యవస్థ లేదు. రాత్రి చల్లగాలిని ఫ్యాన్లతో లోపలికి లాగి కాంక్రీటు స్లాబులని చల్లబరుస్తారు, పగలు ఆ చల్లటి కాంక్రీటే లోపలి వేడిని పీల్చుకుంటుంది, వేడెక్కిన గాలి పొగగొట్టాల్లాంటి గోపురాల గుండా పైకి పోతుంది. చెదపుట్టల నుంచి తీసుకున్న ఆలోచన అంటారు. తమాషా ఏంటంటే చెదపుట్టలు అచ్చం అలా పనిచేయవని తర్వాత పరిశోధనల్లో తేలింది, భవనం మాత్రం పనిచేస్తూనే ఉంది. హరారే సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రుళ్లు చల్లగా ఉంటాయి, ఆ సంగతి మర్చిపోయి సముద్రం ఒడ్డున ఉక్కపోత ఊళ్లో అదే డిజైన్ కాపీ కొడితే రాత్రి లోపలికి లాగేది కూడా వేడిగాలే. ఇరాన్‌లో యాజ్ద్ నగరపు గాలి గోపురాలు కూడా ఇలాగే, పొడి ఎడారి వాతావరణానికి పుట్టినవి, వాటిని అక్కడి నుంచి పీకి ఎక్కడపడితే అక్కడ పెట్టలేం.

ఉక్కపోత ప్రాంతంలో మందపాటి గోడలకన్నా నీడ, గాలి ముఖ్యం. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, ఒంటి మీద చెమట ఆరేలా చేసి రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది. ఎండాకాలం నడిమధ్యలో కొన్ని వారాలు ఏసీ తప్పదనుకుంటే తప్పదు, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. నీడ, ఇన్సులేషన్ సరిగ్గా ఉన్న గదికి చిన్న ఏసీ చాలు, తక్కువ గంటలు చాలు, తేడా అక్కడే. ఇప్పటికే భవనాల్లో వాడే కరెంటులో సుమారు అయిదో వంతు ఏసీలు, ఫ్యాన్లకే పోతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో లెక్క చెప్పింది.

ఒక్క మాట, ఏసీలో ఉండే గ్యాస్ గురించి. ఆర్-410ఏ అనే గ్యాస్ కిలో లీకైతే భూమిని వేడెక్కించడంలో అది రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 దాంట్లో మూడో వంతు, ప్రొపేన్ అంటే ఆర్-290 చాలా చాలా తక్కువ. కొనేటప్పుడు స్టార్లు చూసినట్టే ఇదీ చూడండి, పాత ఏసీ పారేసేటప్పుడు గ్యాస్‌ని గాలిలోకి వదిలేయనివ్వకండి.

చలి ప్రాంతాల్లో లెక్క తిరగబడుతుందా?

తిరగబడుతుంది. అక్కడ ఎండని లోపలికి పిలవాలి, వేడిని పోనివ్వకూడదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో పూర్తయిన నాలుగు ఇళ్ల వరసతో పాసివ్ హౌస్ అనే పద్ధతి మొదలైంది. దాని నియమం ఏంటంటే ఇల్లు వెచ్చబెట్టడానికి చదరపు మీటరుకి ఏడాదికి 15 యూనిట్లు మించకూడదు. మందపాటి ఇన్సులేషన్, మూడు పొరల అద్దాలు, ఎక్కడా గాలి కారని అతుకులు, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే తాజా గాలికి అందించే చిన్న యంత్రం, ఇంతే. లోపలున్న మనుషుల ఒంటి వేడి, పొయ్యి, లైట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

సోలార్ ప్యానెళ్లు పెట్టేస్తే సరిపోదా?

వేడిని ఆపలేని ఇంటికి ముందు సోలార్ పెట్టడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ముందు వాడకం తగ్గించండి, మిగిలిందానికి ప్యానెళ్లు. ఈ వరస పాటిస్తే కావాల్సిన ప్యానెళ్ల సంఖ్యే తగ్గిపోతుంది.

సియాటిల్‌లో 2013లో మొదలైన బుల్లిట్ సెంటర్ ఆరంతస్తుల ఆఫీసు. ఎండ తక్కువ, మబ్బు ఎక్కువ ఉండే ఊరు అది. అయినా తనకి ఏడాదికి కావాల్సిన కరెంటుని పైకప్పు మీదే తయారుచేసుకునేలా కట్టారు, అది సాధ్యమైంది ప్యానెళ్ల గొప్పతనం వల్ల కాదు, లోపల వాడకాన్ని మామూలు ఆఫీసుతో పోలిస్తే బాగా కిందికి దించడం వల్ల. అక్కడ చేసినవన్నీ నిలబడలేదు, ఎరువు తయారుచేసే టాయిలెట్లు పెట్టారు, నిర్వహణ తలనొప్పిగా మారి తర్వాత వాటిని తీసేశారు. ఇలాంటివి కూడా బయటికి చెప్పుకుంటేనే తర్వాత కట్టేవాళ్లకి ఉపయోగం.

మట్టితో కడితే వానకి కరిగిపోదా?

యెమెన్‌లోని షిబామ్ పట్నంలో మట్టి ఇటుకలతో కట్టిన ఏడంతస్తుల ఇళ్లు ఉన్నాయి, చాలావరకు పదహారో శతాబ్దం నాటి పట్నం, 1982 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. కరిగిపోయే సరుకైతే ఇన్నాళ్లు ఉండేది కాదు. అయితే వాటికి పూత తిరగేస్తూ ఉండాలి. మాలీ దేశంలోని జెన్నే మసీదుకి ఊరంతా కలిసి ఏటా మట్టిపూత వేస్తారు. మట్టి అంటే ఈ పనికి ఒప్పుకోవడమే. ఒప్పుకోలేని వాళ్లకి కొంచెం సిమెంటో సున్నమో కలిపి యంత్రంతో ఒత్తిన మట్టి ఇటుకలు ఉన్నాయి, కాల్చనక్కర్లేదు. నేల తడి ఎక్కకుండా పునాది ఎత్తు, వాన జల్లు కొట్టకుండా చూరు పొడుగు, ఈ రెండూ చూసుకోవాలి.

బుర్కినా ఫాసోలోని గాండో అనే పల్లెలో ఫ్రాన్సిస్ కెరే 2001లో కట్టిన బడి చూడాల్సింది. అది ఆయన పుట్టిన ఊరే. గోడలు ఒత్తిన మట్టి ఇటుకలు, పైన ఇటుకల లోకప్పు, దానికి కొంత ఎత్తులో రేకుల పైకప్పు. రేకు ఎండని మోస్తుంది, రెండిటి మధ్య గాలి ఆడుతుంది, పిల్లలకి ఆ వేడి తగలదు. ఊళ్లోవాళ్లే ఇటుకలు చేశారు, ఊళ్లోవాళ్లే కట్టారు, ఆ పని నేర్చుకున్నవాళ్లకి తర్వాత అదే బతుకుతెరువైంది. కెరేకి 2022లో ఆర్కిటెక్టులకి ఇచ్చే అతి పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆఫ్రికా నుంచి అది అందుకున్న మొదటి ఆర్కిటెక్ట్ ఆయనే. సుస్థిరం అంటే కార్బన్ లెక్క ఒక్కటే కాదు అనడానికి నాకు దీనికన్నా మంచి ఉదాహరణ కనబడదు, డబ్బు సరుకు కొనడానికి దూరం పోకుండా పని చేసిన చేతుల దగ్గర ఆగింది.

చెక్కతో కడితే చెట్లు నరకాలి కదా, అది పర్యావరణానికి మంచిదెలా అవుతుంది?

న్యాయమైన ప్రశ్న. చెట్టు పెరిగేటప్పుడు పీల్చిన కార్బన్ చెక్కలో ఉంటుంది, ఆ చెక్క ఇంట్లో దూలమై నిలిచినన్నాళ్లు అది గాలిలోకి రాదు. కానీ నరికినచోట మళ్లీ నాటి పెంచితేనే ఈ లెక్క నిజం. పాత అడవిని నరికి తెచ్చిన చెక్కకి ఈ పుణ్యం దక్కదు. అందుకే అడవి ఎలా సాగుతోందో చెప్పే ధృవీకరణ ఉన్న కలప అడగాలి.

మంటల భయం గురించి: లావుపాటి దూలం అంటుకుంటే పైపొర బొగ్గుగా మారి లోపలి చెక్కకి కవచంలా ఉంటుంది, నిమిషానికి 0.7 మిల్లీమీటర్ల చొప్పున నెమ్మదిగా తరుగుతుంది, అందుకని ఆ తరుగుని ముందే లెక్కేసి దూలం లావు పెంచుతారు. నార్వేలో 2019లో 85 మీటర్ల ఎత్తున మ్యోస్తార్నెట్ అనే చెక్క భవనం కట్టారు, 2022లో అమెరికాలోని మిల్వాకీలో 25 అంతస్తుల అసెంట్ అంతకన్నా కాస్త ఎత్తుగా లేచింది, దాని కింది అంతస్తులు మాత్రం కాంక్రీటే. చెదలు, తేమ ఎక్కువున్నచోట ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి, చెక్క అన్నిచోట్లకీ మందు కాదు.

అంటే సిమెంటు, స్టీలు పూర్తిగా మానేయాలా?

అక్కర్లేదు. అవసరమైనచోటే వాడండి. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి ఎల్‌సీ3 అనే సిమెంటు తయారుచేస్తున్నారు, మామూలు సిమెంటుతో పోలిస్తే కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది. ఫ్లైయాష్ అంటే బొగ్గు కరెంటు కేంద్రాల బూడిద, ఇనుప కొలిమిలో మిగిలే స్లాగ్ కలిపినవీ ఉన్నాయి. డిజైన్‌లో కూడా చాలా మిగులుతుంది. కేరళలో పనిచేసిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విస్తృతంగా వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్ అనే గోడ కట్టే పద్ధతిలో ఇటుకలని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదులుతారు, ఇటుకలు సుమారు పాతిక శాతం తగ్గుతాయి, ఆ ఖాళీ వేడిని కూడా ఆపుతుంది. పని తెలిసిన మేస్త్రీ కావాలి, అదే దాని ఇబ్బంది.

పాత ఇల్లు కూల్చేసి కొత్తగా గ్రీన్ బిల్డింగ్ కడదామనుకుంటున్నాం. మంచిదేనా?

ఆగండి. ఆ పాత ఇంటి గోడలు, స్లాబుల కోసం ఖర్చైన కార్బన్ ఎప్పుడో ఖర్చైపోయింది. కూల్చితే అదంతా వృథా, కొత్తదానికి మళ్లీ మొదటినుంచి ఖర్చు. కొత్త ఇల్లు నెలనెలా ఆదా చేసే కరెంటుతో ఆ అప్పు తీరడానికి చాలా ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. పునాది, స్ట్రక్చర్ బాగుంటే మరమ్మతు చేసుకోవడమే దాదాపు ఎప్పుడూ మేలు.

ఫ్రెంచ్ ఆర్కిటెక్టులు ఆన్ లకతోన్, జాన్ ఫిలిప్ వసల్ ఈ పట్టుదల మీదే 2021లో ప్రిట్జ్‌కర్ అందుకున్నారు. బోర్డోలో 530 ఫ్లాట్ల పాత సముదాయాన్ని కూల్చకుండా, బయటి గోడలకి ఆనించి లోతైన బాల్కనీలు, ఎండ గదులు అతికించారు, 2017 నాటికి పూర్తయింది. పని జరుగుతున్నన్నాళ్లూ జనం ఆ ఇళ్లలోనే ఉన్నారు. గదులు పెద్దవయ్యాయి, వెలుగు పెరిగింది, వెచ్చబెట్టే ఖర్చు తగ్గింది, ఎవరూ ఇల్లు ఖాళీ చేయలేదు. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 1931 నాటిది, 2009లో మొదలైన మరమ్మతుల్లో 6,500కి పైగా కిటికీలని ఆ భవనంలోనే విప్పి, పాత అద్దాలనే వాడి, మధ్యలో పల్చటి పొర చేర్చి మళ్లీ బిగించారు. ఇంధన వాడకం 38 శాతం తగ్గించాలన్నది ఆ పనికి పెట్టుకున్న లక్ష్యం.

మనిషి ఆరోగ్యానికి నిజంగా లాభం ఉందా, లేక అమ్ముకునేవాళ్ల మాటా?

రెండూ ఉన్నాయి, విడదీసి చూద్దాం.

మొదటిది వేడి, ఇది ప్రాణాల లెక్క. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వచ్చిన వడగాల్పులకి సుమారు 15,000 మంది చనిపోయారు, ఎక్కువమంది వృద్ధులు. తర్వాత జరిగిన అధ్యయనంలో పైకప్పు కిందే ఉన్న చివరి అంతస్తులో పడుకునేవాళ్లకి, ఇన్సులేషన్ లేని ఇళ్లలో ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువని తేలింది. అదే ఊరు, అదే ఎండ, ఇల్లు మాత్రం వేరు. కరెంటు పోయినప్పుడు కూడా మనిషిని కాపాడేది నీడ, గాలి, ఇన్సులేషన్ మాత్రమే, యంత్రాలన్నీ ఆగిపోతాయి కదా.

రెండోది గాలి. కొత్త రంగులు, ప్లైవుడ్, ఫర్నిచర్ జిగురుల నుంచి ఫార్మాల్డిహైడ్ లాంటివి నెలల తరబడి వస్తుంటాయి. ఆ కొత్త వాసన మంచిది కాదు. తక్కువ వీఓసీ (ఇలా గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) అని రాసి ఉన్న రంగులు వాడండి, గృహప్రవేశానికి ముందు కొన్నాళ్లు తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచండి. హార్వర్డ్ పరిశోధకులు 2015లో 24 మంది ఉద్యోగుల మీద ఒక ప్రయోగం చేశారు, గాలిలో రసాయనాలు తక్కువగా ఉన్న రోజుల్లో వాళ్ల ఆలోచనా పరీక్షల మార్కులు మామూలు ఆఫీసు గాలి ఉన్న రోజులకన్నా సగటున 61 శాతం, తాజా గాలి కూడా పెంచిన రోజుల్లో 101 శాతం ఎక్కువొచ్చాయి. 24 మందే, అది గుర్తుంచుకోండి, కానీ ఆ దిశ మాత్రం చాలామంది అనుభవానికి దగ్గరగానే ఉంది. తలుపులు మూసిన మీటింగ్ గదిలో గంట గడిచాక ఆవలింతలు ఊరికే రావు.

మూడోది కిటికీలోంచి కనబడేది. రోజర్ ఉల్రిచ్ 1984లో అచ్చువేసిన అధ్యయనంలో, ఆపరేషన్ అయ్యాక చెట్లు కనబడే గదుల్లో ఉన్న రోగులు, ఎదురుగా ఇటుక గోడ కనబడే గదుల్లో ఉన్నవాళ్లకన్నా కాస్త ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు. ఇదీ చిన్న అధ్యయనమే, 46 మంది. అయినా ఆసుపత్రులు కట్టే తీరునే మార్చింది.

ఇక గోడలో ఏదో పెడితే ఇమ్యూనిటీ పెరుగుతుంది, శక్తి తరంగాలు వస్తాయి అనే బాపతు ప్రచారం ఎదురైతే లేచి వచ్చేయండి.

నీళ్ల విషయంలో ఏం చేయొచ్చు?

లెక్క సులువు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అంటే 80,000 లీటర్లు, కారిపోయింది ఆవిరైంది తీసేసినా 60,000 పైనే చేతికొస్తుంది. మొదటి వాన నీళ్లు వదిలేసి మిగిలింది ట్యాంకుకో ఇంకుడు గుంతకో పంపండి. ఫ్లష్ ట్యాంకుల్లో పాతవి ఒక్కసారికి 10 లీటర్లకి పైగా వదిలేస్తాయి, రెండు బటన్లవి 3 లేదా 6తో సరిపెడతాయి. ఇంటి చుట్టూ ఒక్క అంగుళం వదలకుండా సిమెంటు చేయించడం మానేయండి, నీళ్లు దిగడానికి చోటు లేక వీధిలోకి పోతాయి.

బాల్కనీల్లో చెట్లున్న టవర్లు బాగుంటాయి కదా?

చూడటానికి బాగుంటాయి. మిలాన్‌లో 2014లో పూర్తయిన బోస్కో వెర్తికాలే రెండు టవర్లలో సుమారు 800 చెట్లు ఉన్నాయి, పక్షులు చేరాయి, నీడ ఉంది. కానీ అంత మట్టి, అంత చెట్టు బరువు మోయడానికి బాల్కనీలకి అదనపు కాంక్రీటు కావాలి, కొమ్మలు కత్తిరించడానికి తాళ్లు కట్టుకుని దిగే మనుషులు కావాలి. నన్నడిగితే చెట్టుకి నేలే మంచి చోటు, వీధిలో నాటిన చెట్టు దారినపోయే అందరికీ నీడనిస్తుంది.

ఖర్చు ఎక్కువవుతుందా?

దేనికి అన్నదాన్ని బట్టి. దిక్కు సరిచూసుకోవడానికి, ఇల్లు చిన్నది చేసుకోవడానికి, లేతరంగు కప్పుకి, ఎదురెదురు కిటికీలకి అదనం లేదు, లేదా నామమాత్రం. ఇన్సులేషన్, మంచి అద్దాలు, నీళ్ల శుద్ధి యంత్రాలకి మొదట్లో ఎక్కువే, బిల్లుల్లో తిరిగొస్తుంది. కట్టేటప్పుడు చౌకగా అయ్యే ఇన్సులేషన్ కట్టాక వేయించాలంటే గోడ మళ్లీ గీకాలి, అదే చిక్కు. బిల్డర్ కట్టి అమ్మేసేచోట ఇంకో చిక్కు ఉంది, ఖర్చు పెట్టేది ఆయన, బిల్లు కట్టేది మీరు, అందుకే ఆయనకి తొందర ఉండదు. కొనేవాళ్లు అడిగితే తప్ప ఇది మారదు.

సర్టిఫికెట్ ఉంటే నమ్మొచ్చా?

కొంతవరకు. 1990లో బ్రిటన్‌లో భవనాలకి గ్రీన్ మార్కులిచ్చే బ్రీమ్ అనే పద్ధతి మొదలైంది, తర్వాత అమెరికాలో లీడ్ వచ్చింది, వర్ధమాన దేశాలని దృష్టిలో పెట్టుకుని ప్రపంచ బ్యాంకు బృందంలోని ఐఎఫ్‌సీ తెచ్చిన ఎడ్జ్ ఉంది. ఇవి లేకపోతే చాలామంది బిల్డర్లు అసలు ఆలోచించేవాళ్లే కాదు. కాకపోతే పాయింట్లు చాలావరకు కాగితం మీద డిజైన్‌కి ఇస్తారు, జనం చేరాక మీటరు ఎంత తిరిగిందన్నది వేరే కథ, ఈ రెండిటి మధ్య తేడా చాలా భవనాల్లో కనబడింది. అందుకే పలక మీద బంగారమా ప్లాటినమా అని చూడటం కాకుండా గత ఏడాది చదరపు మీటరుకి ఎన్ని యూనిట్లు కాలిందో అడగండి.

ఆర్కిటెక్ట్‌ని ఏమేం అడగాలి?

వేసవి మధ్యాహ్నం ఎండ ఏ గదిలో ఎంతదాకా వస్తుందో బొమ్మలో చూపించమనండి. కరెంటు లేకపోతే ఏ గదిలో పడుకోవచ్చో అడగండి. ఈ స్తంభం, ఈ గోడ తీసేస్తే ఏమవుతుందని అడగండి, కొన్ని నిజంగానే తీసేయొచ్చు. ఇంతకుముందు కట్టిన ఇంట్లో ఉంటున్నవాళ్లతో మాట్లాడొచ్చా అని కూడా. చివరిదానికి తడబడితే మీకు జవాబు దొరికినట్టే.

మాది అద్దె ఇల్లు. మాకేం దారి లేదా?

గోడలు మార్చలేరు, నీడ మార్చుకోవచ్చు. ఎండపడే కిటికీకి బయటివైపు చాపో షేడ్ నెట్టో కట్టండి. బయట లోపలికన్నా వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసి, చల్లబడ్డాక అన్నీ తెరవండి, చాలామంది సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు. ఎల్ఈడీ బల్బులు, కారని కుళాయిలు, కింద సందులేని తలుపులు, ఇవన్నీ ఓనరుని అడగకుండానే అయ్యే పనులు. పైన డాబా మీరే వాడుకునేదైతే తెల్ల పూతకి ఒప్పించి చూడండి, ఖర్చు సగం పంచుకుంటామంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఇంకో ఇల్లు వెతికేటప్పుడు ఉదయం పూట కాకుండా మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకి వెళ్లండి. పడమటి గోడకి లోపలివైపు చెయ్యి ఆనించి చూడండి, చివరి అంతస్తైతే సీలింగ్ కింద కాసేపు నిలబడండి, పాత కరెంటు బిల్లు ఒకటి చూపించమని అడగండి. ఈ మూడూ అయ్యాకే అడ్వాన్స్ మాట ఎత్తండి.